సముద్రతీరాన విడిది: గది కుదుర్చుకునే ముందు గమనించవలసినవి

బాపట్ల: కార్తీకమాసం వచ్చిందంటే చాలు, పర్చూరు, రేపల్లె, వేమూరు ప్రాంతాల పల్లెల నుంచి ఆటోలు, ట్రాక్టర్లు, అద్దె వ్యానులు సముద్రం దారి పడతాయి. తెల్లవారుజామున బయలుదేరడం, స్నానాలు చేయడం, వెంట తెచ్చుకున్న పులిహోర, దద్దోజనం తినడం, పొద్దు వాలేసరికి ఇల్లు చేరడం ఇక్కడి వారికి తరతరాల ఆనవాయితీ. ఒక రాత్రి అక్కడే బస చేసి, మర్నాడు సముద్రంలోంచి సూర్యుడు పైకి వచ్చే దృశ్యం చూసి రావాలనుకునే కుటుంబాలూ వున్నాయి. హైదరాబాదులోనో, బెంగుళూరులోనో వుద్యోగాలు చేసే పిల్లలు సెలవులకు వచ్చినపుడు ఈ ముచ్చట తప్పకుండా కదులుతుంది.

అయితే ఎక్కడ దిగాలి అన్న ప్రశ్న దగ్గరే చిక్కు వస్తుంది. నలుగురూ నాలుగు పేర్లు చెబుతారు. సెల్‌ఫోనులో చూసిన బొమ్మ ఒక తీరుగా, వెళ్లి చూసిన గది మరో తీరుగా వుంటుంది. తెలియక కుదుర్చుకుంటే అపరాల మీద మిగిలిన నాలుగు డబ్బులు రెండు రోజుల్లో ఆవిరవుతాయి. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటి వుంది. పిల్లలు ఏ చోట నీటిలో దిగుతారన్నది, పెద్దలు ఎంచుకున్న విడిదిని బట్టే వుంటుంది. కనుక గది ఎంపిక డబ్బు వ్యవహారం మాత్రమే కాదు.

మూడు రేవులు, మూడు తీరులు

జిల్లాలో జనం ఎక్కువగా వెళ్లే తీరాలు మూడు. బాపట్ల పట్టణానికి సుమారు 9 కిలోమీటర్ల దూరంలో సూర్యలంక వుంది. చీరాలకు ఆరేడు కిలోమీటర్లలో వాడరేవు వుంది. దానికి సమీపంలోనే వేటపాలెం మండలంలోని రామాపురం తీరం వుంది. విజయవాడ నుంచి చెన్నై వెళ్లే రైలు మార్గంలోనే బాపట్ల, చీరాల రెండు స్టేషన్లూ వున్నాయి. రేపల్లె వైపు నుంచి వచ్చేవారికి 216వ నంబరు జాతీయ రహదారి అనుకూలం.

సూర్యలంకలో రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థకు చెందిన హరిత విడిది వుంది. తీరానికి దగ్గర కావడం, నేల మీదనే కట్టిన కుటీరాలు వుండడం దీనిలో సౌకర్యం. మోకాళ్ల నొప్పులున్న ముసలివారికి మెట్లు ఎక్కే బాధ వుండదు. పండుగలకు, వారాంతాలకు గదులు ముందుగానే నిండిపోతాయి కనుక అప్పటికప్పుడు వెళ్లి అడిగితే దొరకడం కష్టం. సూర్యలంకలో వైమానిక దళ కేంద్రం కూడా వుందన్న సంగతి మరువరాదు. ఆ ఆవరణ వైపు వెళ్లడం గాని, అక్కడ ఫొటోలు తీయడం గాని చేయరాదు.

రామాపురం, వాడరేవు తీరాల వెంట ప్రయివేటు రిసార్టులు వెలిశాయి. కొన్నింటిలో తోట, ఈతకొలను, పిల్లలు ఆడుకునే చోటు వుంటాయి. అద్దెలు కూడా అందుకు తగ్గట్టే వుంటాయి. వాడరేవు జాలర్ల వూరు. పడవలు వచ్చే వేళకు వెళితే తాజా చేపలు కళ్లముందే బేరమాడి కొనుక్కోవచ్చు. బయట కొన్న చేప వండి పెడతారా, వండితే కూలి ఎంత అన్నది విడిదిలో ముందే అడిగి పెట్టుకోవాలి. బయటి తిండి లోపలికి రానివ్వని చోట్లు, పొయ్యి వెలిగించనివ్వని చోట్లు చాలా వుంటాయి.

మూడో దారి పట్టణంలో దిగడం. బాపట్లలోను, చీరాలలోను స్టేషనుకు, బస్టాండుకు దగ్గరలో లాడ్జీలు వున్నాయి. కెరటాల చప్పుడు వినపడదు గాని, రాత్రివేళ ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఆసుపత్రి, మందుల షాపు దగ్గరలోనే వుంటాయి. బాపట్లలో దిగినవారు భావనారాయణస్వామి ఆలయం చూడవచ్చు. చీరాలలో దిగినవారు చేనేత చీరలు బేరం చేయవచ్చు. దగ్గరలోనే వున్న వేటపాలెంలో 1918లో నెలకొల్పిన సారస్వత నికేతనం గ్రంథాలయాన్ని పిల్లలకు చూపించవచ్చు.

అద్దె ఒక్కటే ఖర్చు కాదు

గది అద్దె ఎంతో అడిగి, అది విని సంతోషపడి వెళ్లేవారు చివరకు బిల్లు చూసి కంగుతింటారు. అద్దె మీద పన్ను, అదనపు పరుపు, అదనపు మనిషికి రుసుము, తిండి, రాకపోకలు అన్నీ కలిపి చూసుకుంటేనే అసలు ఖర్చు తేలుతుంది.

ఉదాహరణకు తాతా నాయనమ్మలు, కొడుకూ కోడలు, కూతురూ అల్లుడు, ఇద్దరు పిల్లలు కలిపి ఎనిమిదిమంది వెళ్లారనుకుందాం. తీరం మీద గది అద్దె రోజుకు రూ.2,500 అయితే రెండు గదులకు రూ.5,000. రెండు అదనపు పరుపులకు ఐదేసి వందల చొప్పున రూ.1,000. దీని మీద నూటికి 5 చొప్పున జీఎస్టీ రూ.300. మొత్తం రూ.6,300 అవుతుంది. అదే పట్టణంలో గది రూ.1,200 అయితే రెండింటికి రూ.2,400. పరుపులకు రూ.400. పన్ను రూ.140. సముద్రానికి రెండుసార్లు పోయి రావడానికి విడతకు రూ.400 చొప్పున నాలుగు విడతల ఆటో ఖర్చు రూ.1,600. మొత్తం రూ.4,540. తేడా రూ.1,760.

ఇవి లెక్క వేసే తీరు తెలియడానికి వేసిన అంకెలు మాత్రమే. అసలు రేట్లు అక్కడ అడిగి తెలుసుకోవలసిందే. కాని లెక్క ఇలా కాగితం మీద వేసుకుంటే, ఆ తేడా డబ్బు పెట్టి తెల్లవారుజామున లేచి నాలుగడుగుల్లో సముద్రం చేరడం తమకు కావాలో వద్దో ఆ కుటుంబమే నిర్ణయించుకోగలుగుతుంది. అదీగాక చాలా విడుదుల్లో ఉదయం ఫలహారం అద్దెలోనే కలిసి వుంటుంది. అయితే అది సాధారణంగా గదికి ఇద్దరికే. మిగతావారికి డబ్బు కట్టాలి.

పన్ను విషయంలో ఒక మార్పు తెలుసుకోవాలి. రోజుకు రూ.7,500 వరకు అద్దె వున్న గదులపై గతంలో నూటికి 12 వున్న జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 5కు తగ్గించారు. అంతకు మించిన అద్దె గదులకు నూటికి 18. పాత రేటు ప్రకారం పన్ను వేసిన బిల్లు చేతికి వస్తే నిలదీసి అడగవచ్చు.

భోజనం బిల్లులో సర్వీసు చార్జీ అని కలపడం మరొకటి. దీనిని వాటంతట అవే బిల్లులో కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. తీసివేయమంటే తీసివేయాలి. తీయకపోతే 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు. మంచినీళ్ల సీసా సంగతి వేరు. బడ్డీకొట్టులో దాని మీద అచ్చువేసిన ధరకు మించి తీసుకోకూడదు. హోటలు బల్లపై వడ్డించేదానికి ఆ ధర వర్తించదని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. కనుక హోటల్లో ధర అడిగాకే మూత తీయడం మేలు.

ఎన్ని గంటలకు దిగుతున్నారు?

రైలు దిగి తెల్లవారి ఐదు గంటలకే చేరేవారు తప్పక అడగవలసిన ప్రశ్న ఇది. రిసార్టుల్లో చాలావాటికి మధ్యాహ్నం నుంచి మర్నాడు ఉదయం వరకు ఒక రోజు లెక్క. ఐదింటికి తలుపు తెరవమంటే ముందురోజు అద్దె కూడా కట్టమంటారు. పట్టణ లాడ్జీలు కొన్నింటిలో దిగిన గంట నుంచి 24 గంటల లెక్క వుంటుంది. ఒకే అద్దెకు ఒక చోట 20 గంటలు, మరొక చోట 24 గంటలు దక్కుతాయన్న మాట. రెండు విడుదులను పోల్చేటప్పుడు దీనిని కూడా చూడాలి. పెద్దలందరి ఆధార్ కార్డులు గాని, మరేదైనా గుర్తింపు కార్డులు గాని వెంట వుంచుకోవాలి. వ్యాను డ్రైవరు ఎక్కడ పడుకుంటాడో కూడా ముందే అడగాలి. రాత్రంతా నిద్రలేని డ్రైవరుతో తిరుగు ప్రయాణం మంచిది కాదు.

బొమ్మ చూసి మోసపోవద్దు

"సముద్రానికి ఎదురుగా" అని రాసిన ప్రతి గదీ ఒడ్డున వుండదు. తీరప్రాంత పరిరక్షణకు 1991లో నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం పల్లె తీరాల్లో పెద్దపోటు గీత నుంచి 200 మీటర్ల లోపల కొత్త కట్టడాలపై ఆంక్షలు పెట్టారు. 2019లో వచ్చిన నిబంధనలు జనసాంద్రత బాగా ఎక్కువ వున్న చోట్ల దీనిని 50 మీటర్లకు తగ్గించాయి. అందువల్ల చాలా విడుదుల నుంచి నీటి వరకు కొంత నడక తప్పదు. ఇసుకలో 200 మీటర్లు నడవడం కుర్రవాళ్లకు సరదా, ముసలివారికి శిక్ష. "గుమ్మం నుంచి నీళ్ల దాకా ఎన్ని అడుగులు?" అని సూటిగా అడగాలి. గది నుంచి సముద్రం కనపడుతుందా, లేక మేడ ఎక్కితేనే కనపడుతుందా అన్నదీ తేల్చుకోవాలి.

వీలుంటే గది చూశాకే డబ్బు కట్టాలి. లోపలికి వెళ్లగానే కుళాయి తిప్పి నీళ్లు నోట వేసుకుని చూస్తే ఉప్పగా వున్నదీ లేనిదీ తెలుస్తుంది. సముద్రస్నానం చేసి వచ్చాక మళ్లీ ఉప్పునీళ్లే పోసుకుంటే ఒళ్లు దురద పెడుతుంది. ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. కిటికీ గడియలు, ఫ్యాను రెక్కలు, ఏసీ పెట్టె ఎలా వున్నాయో చూస్తే ఆ విడిది బాగోగులు ఎంత శ్రద్ధగా చూస్తున్నారో అర్థమవుతుంది. తలుపు తీయగానే తేమ వాసన కొడితే మరో గది అడగాలి. కరెంటు పోతే జనరేటరు వుందా, అది ఫ్యానులకే పనిచేస్తుందా, ఏసీకి కూడానా అన్నది వేసవిలో ముఖ్యం. కింద కూర్చోలేని పెద్దవారు వుంటే మరుగుదొడ్డి ఏ రకమో కూడా చూసుకోవాలి.

అంతర్జాలంలో పేరున్న విడుదుల పేర్లతోనే దొంగ ప్రకటనలు పెట్టి, అడ్వాన్సు గుంజి మాయమయ్యే ముఠాలు దేశమంతటా వున్నాయి. ఫోనులో మాట్లాడిన మనిషి మొత్తం అద్దె వెంటనే పంపమని తొందరపెడితే అనుమానించాలి. సూర్యలంక హరిత గదులను పర్యాటకాభివృద్ధి సంస్థ ద్వారానే తీసుకోవాలి. ప్రయివేటు విడిది అయితే దగ్గరి వూళ్లో వున్న బంధువును ఒకసారి పంపి చూడమనడం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చెబితే సొమ్ము ఆపే అవకాశం అంత ఎక్కువ.

ప్రశాంతంగా కనపడే నీరే ప్రమాదం

ఈ తీరాల్లో ఏటా ప్రాణాలు పోతూనే వున్నాయి. చనిపోయేవారిలో ఎక్కువగా వినపడేది విద్యార్థుల పేర్లు, యువకుల పేర్లు. ప్రమాదాలు జరిగినపుడు పోలీసులు తీరాలను కొన్నాళ్లు మూసివేసిన సందర్భాలు కూడా వున్నాయి. చెరువులోను, కాలువలోను ఈత నేర్చినవారు సముద్రం కూడా అంతే అనుకోవడం పెద్ద పొరపాటు.

ఒడ్డుకు వచ్చిన కెరటాల నీరంతా తిరిగి లోపలికి పోవాలి. ఇసుక తిన్నెల మధ్య పల్లం దొరికిన చోట ఆ నీరు కాలువ మాదిరి వేగంగా లోపలికి పారుతుంది. ఆ చోట కెరటాలు అంతగా విరగవు. నీరు నున్నగా, కాస్త ముదురు రంగులో కనపడుతుంది. అలలు లేవు కదా, పిల్లలకు క్షేమం అనుకుని అక్కడే దించుతారు. నిజానికి మనిషిని లోపలికి లాగేది ఆ చోటే. లాగుడులో చిక్కినవారు ఒడ్డుకేసి ఎదురీదితే నిమిషాల్లో అలసిపోతారు. బెదరకుండా నీటిపై తేలుతూ, చేయి ఎత్తి కేకలు వేస్తూ, ఒడ్డు వెంబడి పక్కకు ఈదాలి. లాగుడు వదిలాక ఒడ్డుకు తిరగాలి. రక్షించబోయి మరొకరు, వారికోసం ఇంకొకరు దూకడం వల్లనే ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోతున్నారు. తాడు కట్టిన ఖాళీ డబ్బా విసరడం, జాలర్లను పిలవడం మేలు.

కార్తీక పౌర్ణమి స్నానానికి వచ్చేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. పౌర్ణమికి, అమావాస్యకు పోటు, పాటు రెండూ మామూలు రోజులకన్నా ఎక్కువ. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతూ వుంటుంది. నిన్న మోకాలి లోతు వున్న చోట ఈరోజు అదే వేళకు అంతే లోతు వుంటుందని చెప్పలేము. అందుకే ఆ రోజుకారోజు జాలర్లను అడిగి దిగాలి. పొడుగు చీర కుచ్చెళ్లు కెరటానికి కాళ్లకు చుట్టుకుంటాయి కనుక ఆడవారు మోకాలి లోతు దాటకూడదు. మద్యం తాగినవారిని నీటి దరికి రానివ్వకూడదు. పడవ షికారుకు వెళితే ఒంటికి లైఫ్‌జాకెట్ లేనిదే ఎక్కరాదు.

విడిది ఎంచుకునేటప్పుడు ఈ ప్రశ్న కూడా అడగాలి. "మీ ఎదుట వున్న తీరంలో గజ ఈతగాళ్లు వుంటారా? ఏ వేళ నుంచి ఏ వేళ వరకు?" జనం తిరిగే, పోలీసుల కాపలా వున్న తీరం ఒక చోట, ఎవరూ లేని ఏకాంత తీరం మరొక చోట వుంటే పిల్లలున్న కుటుంబం మొదటిదే ఎంచుకోవాలి. ఏకాంతం అందంగానే వుంటుంది, కాని కేక వేస్తే వినేవారు వుండరు. ఆపద వస్తే 112కు, అంబులెన్సుకు 108కు, సముద్రంలో చిక్కుకున్నవారి కోసం తీరరక్షక దళానికి 1554కు ఫోను చేయాలి.

తుపాను నెలల్లో బయానా జాగ్రత్త

కార్తీకం వచ్చే నెలలే ఈ తీరానికి తుపాను నెలలు కూడా. 1977 నవంబరు 19 నాటి వుప్పెనను ఇక్కడి పెద్దలు మరచిపోలేదు. 2010 మేలో లైలా తుపాను, 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటాయి. కాబట్టి అక్టోబరు నుంచి డిసెంబరు వరకు గది తీసుకునేవారు "తుపాను హెచ్చరిక వస్తే అడ్వాన్సు తిరిగి ఇస్తారా, తేదీ మారుస్తారా?" అని అడిగి, ఆ మాట ఫోనులో రాతపూర్వకంగా తీసుకోవాలి. రేవులో ప్రమాద సూచిక ఎగరవేశారని తెలిస్తే ప్రయాణం మానుకోవడమే తెలివి. జాలరి పడవ కట్టేసిన రోజున చుట్టానికి సముద్రంతో పనేముంది? చలి తగిలే జనవరి, ఫిబ్రవరి నెలలు ఎండకు, వానకు రెండింటికీ అనుకూలం. పండుగ రద్దీ లేని మామూలు రోజుల్లో అద్దె తగ్గించమని బేరమాడే వీలు కూడా వుంటుంది.

గది తీసుకోలేని వారి మాటేమిటి?

వచ్చేవారిలో ఎక్కువమంది రాత్రి బస చేసేవారు కాదు. పొద్దున వచ్చి సాయంత్రం పోయేవారే. వీరిలో ఆడవారి అవస్థ చెప్పనలవి కాదు. రద్దీ రోజుల్లో తడిబట్టలు మార్చుకోవడానికి చాటు దొరకక, చీర అడ్డం పట్టుకుని మార్చుకోవలసి వస్తోంది. మంచినీటితో ఒళ్లు కడుక్కోవడానికి, మరుగుకు వెళ్లడానికి వరుసలు కట్టాలి. నాలుగు కుటుంబాలు కలిసి వచ్చినపుడు పగటికి ఒక గది తీసుకుని ఖర్చు పంచుకుంటే ఈ బాధ కొంత తీరుతుంది. పగటి పూటకు మాత్రమే గది ఇస్తారా అని అడగడంలో తప్పు లేదు.

కాని అందరికీ అది సాధ్యం కాదు. కార్తీక సోమవారాలకు, పౌర్ణమికి ముందే తీరం పొడవునా బట్టలు మార్చుకునే గదులు, మంచినీటి కుళాయిలు, మరుగుదొడ్లు తగినన్ని ఏర్పాటు చేయవలసిన బాధ్యత అధికారులపై వుంది. ఏ చోట దిగవచ్చు, ఏ చోట దిగరాదు అన్నది ఎర్రజెండాలతో, తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిన బోర్డులతో తెలపాలి. గజ ఈతగాళ్లను పండుగ నాడే కాక ఆదివారాలు, సెలవు రోజుల్లో కూడా వుంచాలని తీరానికి వచ్చేవారు కోరుతున్నారు.

ఎవరికి ఏది?

ముసలివారు, పసిపిల్లలు వున్న కుటుంబానికి నేల మీది గది, దగ్గరి నడక, జనం తిరిగే తీరం ముఖ్యం. డబ్బు చూసి వాడుకోవలసిన వారికి పట్టణంలో లాడ్జి, ఆటో ప్రయాణం సరిపోతాయి. కొత్తగా పెళ్లయిన వారికి, సెలవుకు వచ్చిన వుద్యోగులకు కాస్త ఖరీదైనా తోట, కొలను వున్న చోటు నచ్చవచ్చు. ఈతకొలను వున్న విడిదిలో కూడా పిల్లల మీద పెద్దల కన్ను వుండవలసిందే. ఏది ఎంచుకున్నా అద్దె, పన్ను, దిగే వేళ, నీటి రుచి, నడక దూరం, ఈతగాళ్ల కాపలా, అడ్వాన్సు షరతు అన్న ఏడు సంగతులు ముందే అడిగి తెలుసుకున్నవారు, వెళ్లినంత సంతోషంగా ఇల్లు చేరతారు.